సెలైనా? హెపారినా? - రక్తనాళపు దారిని కాపాడుట

ఆస్పత్రి వార్డులో రోగి చేతికి ప్లాస్టరుతో అంటించిన సన్నని గొట్టాన్ని మనమందరము చూచియే ఉందుము. దానిని కాన్యులా అంటారు. మందు ఎక్కించే కొద్ది నిమిషాలు తప్ప మిగిలిన సమయమంతా అది ఊరకనే ఉంటుంది. కాని రక్తం ఊరకుండదు. కదలిక ఆగిన చోట, పరాయి వస్తువును తాకిన చోట గడ్డకట్టుట దాని స్వభావం. గొట్టం కొన మూసుకొనిపోతే రోగికి మరల సూదిపోటు తప్పదు. అందుచేత నర్సులు అప్పుడప్పుడు కొద్దిపాటి ద్రవాన్ని పంపి ఆ దారిని శుభ్రపరుస్తారు. దీనినే ఫ్లష్ చేయుట అంటారు. ఆ ద్రవం సెలైన్ కావలెనా, హెపారిన్ కావలెనా అన్నదే మనం విచారింపదలచిన ప్రశ్న.

సెలైన్ అనగా లీటరుకు 9 గ్రాముల ఉప్పు గల శుద్ధ ద్రావణం. అది రక్తం గడ్డకట్టకుండా ఆపజాలదు. గొట్టంలో నిలిచిన రక్తాన్ని, మందును కడిగివేస్తుంది, అంతే. హెపారిన్ సంగతి వేరు. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి కాలేయం నుండి తీసిన పదార్థానికి రక్తాన్ని గడ్డకట్టనీయని గుణమున్నదని గమనించాడు. ఆ పరిశోధనను కొనసాగించిన ఆచార్యుడు హోవెల్, కాలేయమని అర్థమిచ్చే గ్రీకు పదం నుండి 1918లో దానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. రక్తంలో సహజంగా ఉండే యాంటీథ్రాంబిన్ అనే పదార్థం పనిని అది ఎన్నో రెట్లు వేగవంతం చేస్తుంది. కనుక హెపారిన్ కడుగునీరు కాదు, శక్తిమంతమైన మందు.

పూర్వం చేతి కాన్యులాలకు సైతం హెపారిన్ వాడుట పరిపాటిగా ఉండేది. పెద్దవారి చేతి కాన్యులాలను తెరచి ఉంచుటకు సెలైన్ కూడ అంతే చక్కగా పనికివస్తుందని 1990వ దశకంలో పరిశోధనల ఫలితాలను కూర్చి చూచినవారు తేల్చారు. నేడు అచట సెలైనే నియమం. ఇక డయాలిసిస్ కొరకు పెద్ద రక్తనాళంలో అమర్చిన గొట్టాలలో, చర్మం క్రింద దీర్ఘకాలం ఉంచే పోర్టులలో, వైద్యుని ఆదేశానుసారం హెపారిన్ నింపి ఉంచే పద్ధతి చాలచోట్ల కలదు. డయాలిసిస్ గొట్టంలో నింపినది గాఢమైనది గనుక, మరల వాడుటకు ముందు దానిని బయటకు లాగివేయవలెను, లోనికి నెట్టరాదు.

అనవసరంగా హెపారిన్ వాడితే ఏమి నష్టమని అడుగవచ్చు. కొందరిలో శరీరం దానిపై తిరగబడి ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. విచిత్రమేమనగా, అప్పుడు రక్తస్రావం కంటె గడ్డలు ఏర్పడే ప్రమాదమే ఎక్కువ. ఫ్లష్‌లోని స్వల్ప మోతాదు సైతం ఇందుకు కారణం కావచ్చు. మరొక ప్రమాదం పొరపాటు. 2006లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరంలో ఒక ఆస్పత్రిలో మిల్లీలీటరుకు 10 యూనిట్లు గల సీసాకు బదులు 10,000 యూనిట్ల సీసా వాడబడినది. నెలలు నిండక పుట్టిన ముగ్గురు పసికందులు మరణించారు. సీసాపై అంకెలను చదువుటలో జరిగిన పొరపాటుకు చెల్లించిన మూల్యమది.

మన పాఠకులలో చాలమందికి మరొక సందేహం కూడ కలుగును. నేడు వాడే హెపారిన్‌లో అధికభాగం పంది ప్రేగుల లోపొర నుండి తయారగుచున్నది. సెలైన్ చాలినచోట ఈ ప్రశ్నకే తావులేదు. హెపారిన్ తప్పనిసరి అయినచోట, ప్రాణరక్షణకు నిషిద్ధము కూడ అనుమతింపబడునన్న ‘జరూరత్’ సూత్రం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఉన్నది. రోగిగాని బంధువులుగాని అడిగినచో నర్సు నిజం దాచక చెప్పి, వైద్యునితో మాట్లాడించుట ధర్మం.

ఇక ఆచరణ. చేతులు కడుగుకొని, గొట్టపు మూతిని స్పిరిటుతో గట్టిగా తుడిచి ఆరనీయవలెను. ప్రతి మందుకు ముందు, తరువాత సెలైన్ పంపవలెను. ఏలయన జెంటామైసిన్ వంటి మందులు హెపారిన్‌తో కలిసిన తెల్లని మడ్డి ఏర్పడవచ్చు. చిన్న సిరంజి ఒత్తిడి ఎక్కువ కలిగిస్తుంది గనుక 10 మి.లీ. సిరంజి మేలు. ఒక్కసారిగా గాక, ఆగి ఆగి నెట్టవలెను. అడ్డు తగిలినచో బలవంతము కూడదు. గడ్డ ఊడి రక్తంలో కలియవచ్చు. వాపుగాని నొప్పిగాని కనిపించినచో ఆ గొట్టాన్ని తీసివేయించుటయే మంచిది. సిరంజిలో నింపిన ద్రవమేదో దానిపై వ్రాయవలెను. హెపారిన్ అయినచో మరొకరిచేత కూడ చదివించవలెను.

మన కళాశాల నుండి నర్సింగు వృత్తిలో ప్రవేశింపబోవు సోదరీమణులకు మా మనవి ఒక్కటే. సెలైన్ చాలునా అని ముందు అడుగుడు. హెపారిన్ చేతికి వచ్చినప్పుడు ఆదేశమును, అంకెలను రెండుసార్లు చదువుడు. ఆ క్షణకాలపు జాగ్రత్తలోనే రోగి క్షేమమున్నది.