జిమ్ సభ్యత్వంపై ఫిర్యాదు: రసీదు నుంచి కమిషన్ వరకు

కృష్ణరాజపురం నుంచి వైట్‌ఫీల్డ్ వరకు మెట్రో మార్గం 2023 మార్చి 25న ప్రారంభమైన తరువాత హూడికి వచ్చి స్థిరపడేవారి సంఖ్య పెరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన తెలుగువారు ఇక్కడి పీజీల్లోను, అపార్టుమెంట్లలోను కనిపిస్తూనే ఉంటారు. ఐటీపీఎల్ వైపు ఉద్యోగాలు, కూర్చుని చేసే పని, రాత్రి పొద్దుపోయాక భోజనం. కనుక జిమ్‌లకు గిరాకీ సహజం. మన పాత తాలింఖానా, కన్నడిగుల గరడిమనె ఉన్నచోటికి నేడు వచ్చింది జిమ్. ఏడాది రుసుము ఒక్కసారిగా కడితే భారీ తగ్గింపు అంటుంది. సొమ్ము ముందు చేతులు మారుతుంది, సేవ తరువాత నెలనెలా అందాలి. తగాదా ఈ ఎడంలోనే పుడుతుంది.

నాలుగు నెలలు గడిచాక జిమ్ మూతపడుతుంది; లేదా నడిచి వెళ్లలేనంత దూరానికి తరలిపోతుంది; లేదా ఉదయం ఐదింటికి తెరుస్తామన్నవారు ఎనిమిదింటికి తెరుస్తారు. అడిగితే కౌంటరు వద్ద ఉన్న వ్యక్తి దరఖాస్తు ఫారం తీసి, ‘చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం కింద సభ్యుని సంతకం చూపుతాడు. ఊరుగాని ఊరిలో పదివేల రూపాయల కోసం ఎవరి చుట్టూ తిరగాలన్న నిస్పృహతో చాలామంది అక్కడే ఆగిపోతారు. సంతకం చేసినంత మాత్రాన హక్కు పోదన్న సంగతి తెలిస్తే కొందరైనా ఆగరు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని అధిక భాగం 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చింది. ఒప్పుకొన్న సేవను ఒప్పుకొన్న తీరులో అందించకపోవడం ఆ చట్టం దృష్టిలో సేవాలోపం. లోపం గల సేవకు తీసుకొన్న సొమ్మును రసీదులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, తిరిగి ఇవ్వ నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. ఇక ఆ ముద్రిత వాక్యం సంగతి. పయనీర్ అర్బన్ సంస్థకు, గోవిందన్ రాఘవన్ అనే కొనుగోలుదారుకు నడుమ వచ్చిన వివాదంలో 2019 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: ఒక పక్షం తయారుచేసి రెండవ పక్షం చేత చుక్కల గీతపై సంతకం చేయించిన ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవు, అటువంటి షరతులు పెట్టడమే అనుచిత వ్యాపార పద్ధతి. అది ఫ్లాటు కొనుగోలు వ్యవహారమే అయినా అందులోని తర్కం జిమ్ ఫారానికీ వర్తించేదే.

అయితే ఇక్కడ ఒక తేడాను నిక్కచ్చిగా గుర్తించాలి. తప్పు జిమ్‌దైతే, అంటే మూతపడినా, తరలిపోయినా, చెప్పిన సౌకర్యం ఇవ్వకపోయినా, ఫిర్యాదుకు బలం ఉంటుంది. సభ్యుడే ఉద్యోగం మారి హూడి విడిచిపెట్టినా, మొదటి నెల ఉత్సాహం చల్లారి వెళ్లడం మానినా ఫిర్యాదు బలహీనం. జిమ్ తెరిచే ఉన్నది, పరికరాలు ఉన్నాయి, సేవలో లోపమేమీ లేదు. అప్పుడు చేయగలిగినది మర్యాదగా అడగడం: సభ్యత్వాన్ని కొంతకాలం నిలిపివేయమని, మరొకరి పేరుకు మార్చమని, న్యాయమైన కోత మినహాయించుకొని మిగిలినది ఇవ్వమని. ఒప్పందంలో నిర్ణీత జరిమానా రాసి ఉన్నప్పటికీ దానికి మించకుండా సముచితమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చునని భారత ఒప్పందాల చట్టం, 1872లోని 74వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట బేరానికి పనికివస్తుంది. దానినే నమ్ముకొని కేసు వేయడం మాత్రం వివేకం కాదు. వైద్యుడు వ్యాయామం వద్దన్న సందర్భం ఈ రెంటికీ నడుమ ఉంటుంది. వైద్యుని చీటీ తేదీ నాడే జిమ్‌కు రాతపూర్వకంగా తెలిపి ఉంటే అది సభ్యునికి మేలు చేస్తుంది.

ఎవరి మీద ఫిర్యాదు?

జిమ్ బోర్డు మీది పేరు వేరు, చట్టం ముందు నిలబడే యజమాని పేరు వేరు. ఫిర్యాదులు చాలావరకు ఈ చిన్న విషయం దగ్గరే కుంటుపడతాయి. రసీదుపై జీఎస్టీ సంఖ్య ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా దానిని వెతికి నమోదైన పేరు, వ్యాపార స్థలం తెలుసుకోవచ్చు. యూపీఐ ద్వారా చెల్లించి ఉంటే సొమ్ము చేరిన ఖాతా పేరు ఫోనులోనే కనిపిస్తుంది. నోటీసు ఆ పేరుకు, ఆ చిరునామాకు వెళ్లాలి.

వ్యక్తిగత శిక్షణ పేరిట ట్రైనరు తన సొంత ఖాతాకు సొమ్ము వేయించుకొనే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ‘జిమ్ ద్వారా అయితే ఎక్కువ, నాకు నేరుగా ఇస్తే తక్కువ’ అన్న మాట ఆకర్షణీయమే. ఆ ట్రైనరు ఉద్యోగం మానివేసిన నాడు జిమ్ యజమాని తనకేమీ సంబంధం లేదంటాడు, ఆ వాదన తేలికగా తోసివేయదగినదీ కాదు. సొమ్ము జిమ్ ఖాతాకే చేరాలి, రసీదు జిమ్ పేరుతోనే ఉండాలి.

రసీదు, సంతకం చేసిన ఫారం ఫొటో, తగ్గింపు ప్రకటన, వాట్సాప్ సందేశాలు, మూసిన తలుపుకు అంటించిన కాగితం ఫొటో, ఇవి చాలు. ప్రకటనలో చెప్పి ఫారంలో రాయని హామీలు కూడా ముఖ్యమే. ఆవిరి గది, మహిళలకు ప్రత్యేక సమయం వంటివి ప్రకటన కాగితం మీదనే ఉంటాయి తరచుగా.

నోటీసు ఎలా ఉండాలి?

కౌంటరు వద్ద ఎంత గట్టిగా వాదించినా దానికి సాక్ష్యం మిగలదు. నోటీసు ఒక పుట మించనక్కరలేదు, న్యాయవాది అవసరమూ లేదు. బెంగళూరులో దానిని కన్నడంలో గాని ఇంగ్లీషులో గాని పంపడం మేలు. విషయం మాత్రం ఈ తీరులో ఉండాలి:

‘నేను మీ వ్యాయామశాలలో జనవరి 1వ తేదీన పన్నెండు నెలల సభ్యత్వానికి 14,400 రూపాయలు చెల్లించాను. రసీదు ప్రతి జతచేస్తున్నాను. ఏప్రిల్ 30వ తేదీ నుంచి వ్యాయామశాల మూసివేసి ఉన్నది. నాలుగు నెలలకు 4,800 రూపాయలు పోగా మిగిలిన ఎనిమిది నెలల 9,600 రూపాయలను ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా కింది ఖాతాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాను. లేనిచో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి వస్తుంది.’

ఇందులో కోపం లేదు, లెక్క ఉన్నది. వాడుకొన్న నెలలకు కూడా సొమ్ము అడిగిన నోటీసు కంటే ఇటువంటి నోటీసుకు జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. 15 రోజులన్నది చట్టం విధించిన గడువు కాదు, వాడుకలో ఉన్న మర్యాద. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి, అందినట్టు రుజువు భద్రపరచుకోవాలి. ‘చిరునామాలో లేరు’ అని తిరిగివచ్చిన కవరును చించి పారవేయరాదు, అదీ సాక్ష్యమే.

రుసుమును వాయిదాల్లో కట్టేవారి స్థితి ఇంకొంచెం క్లిష్టం. కార్డు ఈఎంఐ గాని, ఫైనాన్సు సంస్థ రుణం గాని తీసుకొన్నప్పుడు జిమ్‌కు మొత్తం సొమ్ము మొదటే ముడుతుంది. ఆపై సభ్యుడు బాకీపడేది రుణం ఇచ్చిన సంస్థకు. జిమ్ మూతపడిందని వాయిదాలు ఒక్కసారిగా ఆపివేస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి రుణం అడిగిన నాడు ఆ మచ్చ బయటపడుతుంది. సేవ నిలిచిపోయిన సంగతిని రుణసంస్థకు వెంటనే రాయాలి. కార్డు చెల్లింపు అయితే ఛార్జ్‌బ్యాక్ కోరాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448. నెలనెలా ఖాతా నుంచి దానంతటదే కోతపడే ఏర్పాటు అయితే యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో దానిని రద్దు చేసుకోవచ్చు. యాప్ ద్వారా చేరడం సులభంగాను, వైదొలగడం దుర్లభంగాను అమర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు నిషేధించాయి. అందులో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో సభ్యత్వ ఉచ్చు ఒకటి.

తెలుగులో వినే చోటు

నోటీసుకు ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఫిర్యాదు సంఖ్య ఇస్తారు, ఎదుటిపక్షానికి విషయం పంపి జవాబు కోరుతారు. పేరున్న గొలుసు సంస్థలు ఈ దశలోనే దిగివస్తుంటాయి. ఒక్క అంతస్తులో నడిచే చిన్న జిమ్ పట్టించుకోకపోవచ్చు, ఎందుకంటే సహాయవాణికి ఆదేశించే అధికారం లేదు. 2025 సెప్టెంబరులో ఏర్పడిన బెంగళూరు తూర్పు నగరపాలిక పరిధిలోకి హూడి వస్తుంది. అయినా సభ్యత్వ రుసుము ఇప్పించే అధికారం నగరపాలిక కార్యాలయానికీ లేదు. పోలీసు ఫిర్యాదుకు తావుండేది మోసగించే ఉద్దేశం మొదటినుంచీ ఉన్నట్టు కనిపించినప్పుడే. రేపు మూసివేయనున్న జిమ్‌లో నేడు ఏడాది రుసుములు వసూలు చేయడం వంటిది.

ఆదేశించగలది జిల్లా వినియోగదారుల వివాద పరిష్కార కమిషన్. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల లోపు ఉన్న వివాదాలు దాని ముందుకు వెళతాయి, 5 లక్షల లోపు అయితే దాఖలు రుసుమే లేదు. అందువల్ల జిమ్ ఫిర్యాదుకు ఖర్చు జిరాక్సులు, తపాలా, అఫిడవిట్‌కే. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. ఉచిత న్యాయసహాయం కావలసిన మహిళలు, షెడ్యూల్డు కులాలు తెగలవారు, ఇతర అర్హులు 15100కు ఫోను చేయవచ్చు.

వలస వచ్చినవారికి ఈ చట్టం చేసిన మేలు వేరొకటి ఉన్నది. 1986 నాటి పాత చట్టం కింద ఎదుటిపక్షం ఉన్నచోట గాని, వివాదం పుట్టిన చోట గాని ఫిర్యాదు వేయవలసి ఉండేది. కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, ఉద్యోగం చేసే చోట కూడా వేయవచ్చు. హూడిలో జిమ్‌కు సొమ్ము కట్టి, ఉద్యోగం మారి హైదరాబాదుకో, తిరిగి అనంతపురానికో చేరిన వ్యక్తి అక్కడి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. వాయిదా కోసం బెంగళూరు బస్సెక్కనక్కరలేదు.

ఒకే జిమ్‌లో నష్టపోయినవారు కలిసి వేయడమూ మంచిదే. బెంగళూరులోని ఒక నివాస సముదాయానికి సంబంధించిన బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో 51 ఫ్లాట్ల కొనుగోలుదారులు 91 మంది కలిసి ఫిర్యాదు చేశారు. 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు దానిని కొనుగోలుదారులందరి తరఫున వేసిన ఫిర్యాదుగా అంగీకరించలేదు గాని, ఆ కొందరి ఉమ్మడి ఫిర్యాదుగా నడవనిచ్చింది. పదిమంది జిమ్ సభ్యులు తమ తమ రసీదులతో ఒక్క ఫిర్యాదుపై పేర్లు చేర్చుకోవడానికి ఆ తీర్పు దారి చూపుతుంది.

ఎదుటిపక్షానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టడం మామూలే. కనుక కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపిస్తే కాదనకపోవడం ఉచితం. 9,600 అడిగిన చోట 8,500 ఇప్పుడే వస్తుందంటే ఆలోచించదగినదే. ఆదేశం వచ్చాక కూడా చెల్లించని యజమానికి ఒక నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రాజీ కుదిరినప్పుడు జిమ్ ఒక కాగితం ముందు పెడుతుంది: మొత్తం ముట్టింది, ఇక ఏ బాకీ లేదు అని. సొమ్ము ఖాతాలో పడకముందు దానిపై సంతకం చేయరాదు. ముందు తేదీ వేసిన చెక్కు ఇస్తే రాజీపత్రంలో చెక్కు సంఖ్య, తేదీ, ‘చెల్లినప్పుడే ఈ రాజీ వర్తిస్తుంది’ అన్న మాట రాయించుకోవాలి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. అది తిరిగివస్తే, బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా యజమానికి రాతపూర్వక నోటీసు వెళ్లాలి; నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే ఆ తరువాతి నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. కమిషన్‌లోని ఫిర్యాదును వెనక్కు తీసుకోవలసింది సొమ్ము చేతికందిన తరువాతే.