వార్తల్లో పదం: డాల్ఫిన్ కిక్

ఈత పోటీల్లో బ్రెస్ట్‌స్ట్రోక్ వేగం అన్నిటికన్నా తక్కువ, నియమాలు మాత్రం ఎక్కువ. కాళ్లు కప్పలా తన్నాలి. మలుపులోనూ ముగింపులోనూ రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి.

కాళ్లు జోడించి డాల్ఫిన్ తోకలా పైకీ కిందికీ కొట్టడమే డాల్ఫిన్ కిక్. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ 100 మీటర్ల పోటీలో జపాన్‌కు చెందిన కొసుకె కితజిమ గెలవగానే, అతను బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అప్పట్లో నిషిద్ధమైన ఆ కిక్ వాడాడని అమెరికా ఈతగాడు ఆరన్ పియర్సోల్ బహిరంగంగా ఆరోపించాడు. ఫలితం మారలేదు. నియమమే మారింది! 2005 నుంచి పోటీ మొదట్లో ఒకసారి, ప్రతి మలుపు తర్వాత ఒకసారి ఆ కిక్‌ను అనుమతించారు.

ఆ ఒక్కసారి దగ్గరే మళ్లీ చిక్కు. 2012 లండన్‌లో 58.46 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచిన దక్షిణాఫ్రికా ఈతగాడు కామెరాన్ వాన్ డెర్ బర్గ్, అదనంగా తన్నానని తర్వాత తానే ఒప్పుకున్నాడు. నిజాయితీ మెచ్చదగ్గదే, కానీ నియమం పాటించిన వాళ్లకు అన్యాయం జరిగినట్టే.

పతకం అతని దగ్గరే ఉండిపోయింది.