నల్లరేగడిలో పాత జీపు: కొనుగోలు, వాడకం, నిర్వహణ

ఈ యూనిట్‌ను వీలైతే ఒక పాత జీపు దగ్గర కూర్చుని చదవండి. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మీరు ఏ ఊరి వారైనా అటువంటి బండి ఒకటి దొరక్కపోదు. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు పత్తి, మిరప వేసే పెద్ద కమతాల ఇళ్ళలో, పశువుల చావిడి పక్కన టార్పాలిన్ కప్పుకొని అది నిలబడి ఉంటుంది. కాంటాక్ట్ తరగతుల్లో విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న కూడా దాని గురించే: "సార్, తాతగారి జీపు ఉంది. బాగు చేయించాలా, పాత ఇనుము కింద అమ్మెయ్యాలా?"

తొందరపడి రెండూ చేయవద్దని నా సలహా. అందరూ మొదట ఇంజన్ తిప్పి చూస్తారు. ఇంజన్ చూడవలసింది చివర. మొదట చూడవలసినవి రెండు: ముందరి ఇరుసు, సీ బుక్కు. ఎందుకో ఈ యూనిట్‌లో తెలుసుకుందాం.

1. ఈ బండి ఎక్కడిది?

విల్లీస్ ఎంబీ అనే జీపును అమెరికాలో 1941 నుంచి 1945 వరకు రెండవ ప్రపంచ యుద్ధం కోసం తయారుచేశారు. అదే నమూనాను ఫోర్డ్ కంపెనీ కూడా తయారుచేసింది. రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగిశాక మిగిలినవి మన దేశంలోనూ సైనిక మిగులు సామగ్రిగా అమ్ముడయ్యాయి. 1945లో బొంబాయిలో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన సంస్థ, విల్లీస్ జీపుల భాగాలను దిగుమతి చేసుకొని ఇక్కడ కూర్చడం ప్రారంభించింది. క్రమంగా ఆ భాగాలు ఇక్కడే తయారయ్యాయి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఎత్తు బానెట్ జీపు, అంటే సీజే-3బీ, అమెరికాలో 1953లో వచ్చిన నమూనా. పాత ఇంజన్‌లో కవాటాలన్నీ పక్కన ఉండేవి. కొత్త ఇంజన్‌లో గాలి లోపలికి వచ్చే కవాటాలు పైకి చేరాయి, ఇంజన్ ఎత్తు పెరిగింది, దానితోపాటు బానెట్టూ పెరిగింది.

కాబట్టి "ఇంపోర్టెడ్ జీపు" అని ఊళ్ళో అనే మాటకు మూడు అర్థాలు ఉండవచ్చు: పూర్తిగా విదేశంలో తయారై వచ్చినది, విదేశీ భాగాలతో ఇక్కడ కూర్చినది, విదేశీ నమూనాతో ఇక్కడే తయారైనది. ఈ తేడా మీకు ఎన్ని వేల రూపాయల తేడా అవుతుందో చివరి భాగంలో చూస్తారు.

పాత జీపులు కొని చేతులు కాల్చుకోవడం మన రైతులతో మొదలు కాలేదు. కాశ్మీర్ యుద్ధ సమయంలో, 1948లో, లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్ సైన్యం కోసం పాత జీపులకు ఒప్పందం చేశారు. వచ్చిన 155 జీపులు పనికిరావని తేలి పార్లమెంటులో పెద్ద దుమారం రేగింది. బండిని చూడకుండా డబ్బు కట్టవద్దు అని చెప్పడానికి నేను తరగతిలో ఈ ఉదాహరణే వాడేవాణ్ణి.

2. నేల సంగతి

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువ. అది నీటిని తన పొరల మధ్యకు పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే వేసవిలో కాలు దిగేంత నెర్రెలు, వానాకాలంలో చెప్పు లాగేసే జిగట. ఇసుకలో చక్రం జారినా దాని గాళ్ళు శుభ్రంగానే ఉంటాయి. రేగడిలో అలా కాదు. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు గాళ్ళన్నీ మన్నుతో నిండి నున్నటి రోలర్‌లా తయారవుతుంది. ఆపైన యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం తన గుంత తానే తవ్వుకుంటుంది. ఇక్కడ కావలసింది వేగం కాదు, నిదానంగా అందే బలం. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు చూద్దాం.

3. మూడు లివర్లు, వాటి లెక్క

సీజే-3బీలో డ్రైవరు పక్కన మూడు లివర్లు కనిపిస్తాయి. పెద్దది మామూలు గేర్లది. చిన్నవి రెండూ ట్రాన్స్‌ఫర్ కేస్‌వి: ఒకటి ముందరి ఇరుసును కలపడానికి, విడదీయడానికి, రెండవది హై, లో మార్చడానికి. ఒక చిన్న లెక్క చేయండి. మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.80, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో 'లో' నిష్పత్తి 2.46, ఇరుసులో క్రౌన్, పినియన్ నిష్పత్తి 5.38. మూడింటినీ గుణిస్తే 37 వస్తుంది. అంటే ఇంజన్ 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే చక్రం 27 చుట్లు. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు అనుకుంటే బండి వేగం గంటకు నాలుగు కిలోమీటర్ల లోపే. మనిషి నడక కంటే నిదానం. మిరప టిక్కీలతో కల్లం నుంచి డొంక ఎక్కేటప్పుడు బండిని కదిలించేది ఈ 37.

'లో' వేయడానికి ముందు ముందరి ఇరుసు కలపాలి. కలపకపోతే లివరు పడదు. అది లోపం కాదు. రెండున్నర రెట్లు పెరిగిన బలమంతా ఒక్క వెనక ఇరుసు మీదే పడితే అది విరిగే ప్రమాదం ఉందని తయారీదారులు పెట్టిన అడ్డు. దాన్ని అరగదీసి తీసేసిన షెడ్లను చూశాను. అటువంటి బండి కొనకండి.

నాలుగు చక్రాల బండి అంటే నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయని అనుకోవద్దు. ప్రతి ఇరుసులోనూ డిఫరెన్షియల్ ఉంటుంది. తేలికగా తిరిగే చక్రానికే అది చలనం ఇచ్చేస్తుంది. ముందర ఒకటి, వెనక ఒకటి జారితే బండి అక్కడే ఆగిపోతుంది. అప్పుడు దిగి, టైర్ల గాళ్ళలో మన్ను గీకి, పత్తి కట్టె పరచి, 'లో' రెండవ గేరులో మెల్లగా కదపండి.

ఇప్పుడు ఎక్కువ బండ్లను పాడుచేసే తప్పు చెబుతాను. మలుపు తిరిగేటప్పుడు ముందరి చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వంపులో నడుస్తాయి, అంటే ఎక్కువ దూరం తిరగాలి. కానీ ట్రాన్స్‌ఫర్ కేస్ కలిపినప్పుడు ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మెత్తటి నేల మీద టైరు కొంచెం జారి ఆ తేడాను సరిచేసుకుంటుంది. తారు రోడ్డు మీద జారలేదు. ఆ ఒత్తిడి షాఫ్టులు, క్రాసులు, గేర్ల మీద మెలికలా చేరుతుంది. డొంక దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, లివరు తీయడం మరచి ఒంగోలు దాకా పోయినవారు ఉన్నారు. స్టీరింగ్ బరువెక్కుతుంది, లివరు బిగుసుకుపోతుంది. అప్పుడు సుత్తితో కొట్టకండి. బండిని నేరుగా కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే మెలిక విడిపోతుంది, లివరు దానంతటదే వస్తుంది. టైర్లు నాలుగూ ఒకే కొలత లేకపోయినా ఇదే సమస్య వస్తుంది. వెనక రెండు కొత్తవి వేసి ముందర అరిగినవి ఉంచడం పొదుపు కాదు.

స్వయం పరీక్ష: పై లెక్కను 'హై' మొదటి గేరుకు చేయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ నిష్పత్తి అప్పుడు 1 అవుతుంది. 1000 చుట్ల వద్ద బండి వేగం ఎంత?

4. ముందరి ఇరుసు

"ముందరి ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసేశాం సార్, మైలేజీ కోసం" అని చాలామంది గొప్పగా చెబుతారు. షాఫ్ట్ తీసినంత మాత్రాన ఇరుసు నిద్రపోదు. రోడ్డు మీద దొర్లే చక్రాలు లోపలి హాఫ్ షాఫ్టులను, క్రౌన్ వీల్‌ను తిప్పుతూనే ఉంటాయి. చక్రం దగ్గరే విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్బులు ఉంటేనే అది ఆగుతుంది. కాబట్టి మిగిలేది స్వల్పం. పోయేది మాత్రం ఎక్కువ: పనిచేయని ఇరుసు కదా అని దానికి ఆయిలు మార్చడం మానేస్తారు.

ముందర చక్రం లోపలి వైపు చూడండి. గుండ్రటి ఇనుప గిన్నె లాంటి భాగం కనిపిస్తుంది. దాని లోపల చక్రం పక్కకు తిరిగినా చలనం అందించే జాయింటు, పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు ఉంటాయి. గిన్నె అంచున ఉన్న ఫెల్టు సీలు అరిగితే బురద నీరు లోపలికి పోతుంది. రేగడి మన్ను ఎండి సిమెంటులా గట్టిపడి, తరువాత తిరిగిన ప్రతిసారీ సీలును గీకుతుంది. అందుకే పొలం నుంచి వచ్చిన సాయంత్రమే, మన్ను పచ్చిగా ఉండగా కడగాలి. మరునాటికి వాయిదా వేస్తే ఉలి పట్టవలసి వస్తుంది. కొనేటప్పుడు ఆ గిన్నె ఉపరితలం మీద వేలు పెట్టి రాయండి. నున్నగా ఉంటే మంచిది, తుప్పు గుంటలు తగిలితే కొత్త సీలు వేసినా నిలవదు. ఇరుసు ప్లగ్గు విప్పి ఆయిలు చూడండి. పాలు కలిసిన టీలా ఉంటే నీరు చేరినట్టు. చక్రాన్ని జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకొని ఊపండి. లొటలొటలాడితే కింగ్ పిన్ గానీ హబ్ బేరింగ్ గానీ పోయినట్టు. వేగంలో స్టీరింగ్ గడగడ వణకడానికి తరచు ఇదే కారణం.

ఆయిలు విషయంలో ఒక మాట. ఇరుసులకు జీఎల్-5 రకం 90 నంబరు ఆయిలు సరిపోతుంది. పాత గేర్ బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి కనుక అక్కడ జీఎల్-4 వాడటం మేలు. క్రాసులకు, కమాన్ కట్టల షాకిళ్ళకు వానాకాలంలో ప్రతి బురద ప్రయాణం తరువాత గ్రీజు కొట్టండి. పాత గ్రీజుతోపాటు మన్ను బయటికి వచ్చేదాకా కొట్టాలి.

జాకీ ప్రస్తావన వచ్చింది కనుక ప్రాణానికి సంబంధించిన విషయం ఇక్కడే చెప్పాలి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి వెనక చక్రం ఒకటి ఎత్తారనుకోండి. షాఫ్ట్ ఆగే ఉంటుంది, కానీ డిఫరెన్షియల్ వల్ల ఎత్తిన చక్రం వెనక్కి తిరుగుతూ, నేల మీది చక్రాన్ని ముందుకు దొర్లనిస్తుంది. బండి జాకీ మీద నుంచి జారి పడుతుంది. చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టకుండా ఎప్పుడూ ఎత్తవద్దు, కింద దూరవద్దు. కాలి బ్రేకుకు కూడా ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే గొట్టాల వరుస. ఒక్క రబ్బరు గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఆ గొట్టాలను పాతవి బాగున్నాయనిపించినా మార్చేయండి.

5. ఇంజన్

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను, దాన్ని బాగుచేసేవారు గుంటూరులో, విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. రెంటచింతల ఎండలో పెట్రోలు జీపు మధ్యాహ్నం ఆగిపోతే, తరచు కారణం పంపు దగ్గర పెట్రోలు ఆవిరై గాలి బుడగ కట్టడం. చల్లారనిచ్చి మళ్ళీ స్టార్ట్ చేయండి. పత్తి తీసే రోజుల్లో రేడియేటర్ రెక్కల మధ్య దూది పీచు అంటుకుంటుంది, ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడగాలి. ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు డయాఫ్రంలను పాడుచేస్తుంది. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పెట్రోలు ఉంచవద్దు.

పెట్రోలు ధర భరించలేక మన రైతుల్లో చాలామంది అసలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించారు. వ్యవసాయపు లెక్కలో అది తెలివైన పనే. దాని ఖరీదు మరోచోట తేలింది.

6. సీ బుక్కు

నేను 1996లో ఒక జీపు కొన్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ బోధించేవాణ్ణి కనుక ఇరుసులు, గేర్లు అన్నీ విప్పి చూశాను. సీ బుక్కులో ఇంధనం అన్న చోట పెట్రోలు అని ఉంది, బండిలో ఉన్నది డీజిల్ ఇంజన్. అమ్మిన పెద్దాయన "అదేముంది మాష్టారూ, ఊరంతా అంతేగా" అన్నారు. నేను తల ఊపాను. బాడీ టింకరింగుకు, రంగుకు రెండు నెలల జీతం పోశాక రెన్యువల్‌కు వెళితే, పుస్తకానికీ బండికీ పొంత లేదని తిప్పి పంపారు. అధికారి తప్పేమీ లేదు. అసలు రకం ఇంజన్ కోసం తిరిగి తిరిగి, చివరికి బండిని విడిభాగాల కింద అమ్మాను. కొన్నవాడు ముందరి ఇరుసు కోసమే కొన్నాడు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. అదే చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే ఖాయం చేసింది. ఇక ఫీజు. 2025 ఆగస్టులో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 20 ఏళ్ళు దాటిన తేలికపాటి నాలుగు చక్రాల బండికి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు, దిగుమతి బండికి 80,000 రూపాయలు. ఇప్పుడు మొదటి భాగంలో చెప్పిన మూడు అర్థాలను గుర్తు చేసుకోండి. తయారీదారు అన్న చోట ఏ పేరు ఉందో చదవండి. ఊళ్ళో గొప్ప కోసం "ఇంపోర్టెడ్" అని చెప్పుకోవచ్చు గానీ, దరఖాస్తులో పుస్తకంలో ఉన్నదే రాయాలి.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండికి 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు మరో దారి చూపాయి. 20,000 రూపాయల ఫీజుతో పదేళ్ళకు ప్రత్యేక నంబరు ఇస్తారు. కానీ చాసిస్, బాడీ, ఇంజన్ గణనీయంగా మారకుండా మొదటి రూపంలోనే ఉండాలి. డీజిల్ ఇంజన్ పెట్టించిన బండికి ఈ దారి కష్టం. పైగా ఈ నంబరుతో రోజూ పొలానికి తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు మాత్రమే. స్టీరింగ్ ఎడమ వైపున ఉన్న యుద్ధకాలపు జీపుకైతే 120వ సెక్షన్ ప్రకారం సంకేతాలిచ్చే పరికరం కూడా ఉండాలి.

కాబట్టి చాసిస్ నంబరును, ఇంజన్ నంబరును కిరోసిన్‌తో తుడిచి, కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ముద్ర తీసుకోండి, పుస్తకంతో అంకె అంకె సరిచూడండి. ఎక్కడైనా తేడా ఉంటే టింకరింగు షెడ్డుకు పోకముందే రవాణా కార్యాలయంలో అడగండి. బండి తాతగారిదే అయి, పుస్తకం ఇంకా ఆయన పేరునే ఉంటే అంతకు ముందు మరో మెట్టు ఉంది. యజమాని మరణించాక బండి ఉంచుకునే వారసుడు మూడు నెలల లోపు ఫారం 31లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మనలో చాలా ఇళ్ళలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకొని ఆ పనితోనే మొదలుపెట్టండి. టార్పాలిన్ తరువాత తీయవచ్చు.