మన బట్ట, మన కొలత, మన కుట్టు

తెలుగులో జాకెట్టు అంటే రవిక. ఇంగ్లీషులో జాకెట్టు అంటే కోటు. ఒకే మాట రెండిళ్ల కాపురం చేస్తున్నది. అమ్మ "నా జాకెట్టు ఎక్కడ?" అంటే బీరువాలో రవిక వెదుకుతాము. కాలేజీకి పోయే అమ్మాయి అదే మాట అంటే కొక్కేనికి తగిలించిన పైకోటు తీసి ఇస్తాము. ఇక్కడ చెప్పబోయేది ఈ రెండవ దానిని గురించీ, దాని లోపల మన పిల్లలు వేసుకొనే రంగురంగుల టాపులను గురించీను. రెండూ ఇంట్లో కుట్టుకోదగినవే.

మన ఆనేకల్ సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. కార్తికం వెళ్లినది మొదలు శివరాత్రి దాకా తెల్లవారి చలి, పది గంటలకు ఎండ. స్వెట్టరు వేసుకొని బయలుదేరితే మధ్యాహ్నానికి అది చేతి మీది బరువు. వేసుకోకపోతే పొద్దుటి బస్సులో వణుకు. అందుచేత మన ఊరికి తగినది పలుచని నూలు కోటు. బొత్తాములు లేకపోయినా సరే, ముందు భాగం తెరచి ఉండి, మడిచి సంచిలో పెట్టుకోగలిగితే చాలును.

ఇంట్లో కుట్టుకొంటే చౌక అని చాలామంది చెబుతారు. గుమాస్తా ఉద్యోగంలో లెక్కలు చూసే నేను ఆ మాట అనలేను. గుడ్డ, దారం, లైనింగు, బొత్తాములు అన్నీ కలిపి చూస్తే, దుకాణంలోని రెడీమేడు టాపే తరచుగా తక్కువకు వస్తుంది. మరి ఎందుకు కుట్టుకోవలె?

రెడీమేడు ఎందుకు చౌకో మన తాలూకా వారికి వేరే చెప్పనక్కరలేదు. బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడలు మన తాలూకాలోనివే. గార్మెంట్సు పనికి పోయే ఆడవాళ్లు తెల్లవారేసరికి అన్నం కట్టుకొని రోడ్డు మీద నిలబడి ఉంటారు. మా వీధిలో అలాంటి ఆమె ఒకరున్నారు. ఆ పనిలో పదకొండేళ్ల అనుభవం. "ఇన్నేళ్లలో ఎన్ని చొక్కాలు కుట్టి ఉంటావమ్మా?" అని ఒకనాడు అడిగాను.

"చొక్కా యాడ కుట్టినానక్కా? చేతులే కుట్టినాను. మెడ కుట్టేవాళ్లు వేరే, కాజాలు వేసేవాళ్లు వేరే" అన్నది.

అక్కడి పద్ధతి అది. ఒక చొక్కా పదుల కొద్దీ మనుషుల చేతులు మారుతుంది. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క ముక్క. గంటకు ఇన్ని అని లెక్క. 2016 ఏప్రిల్ 18, 19 తేదీలలో బెంగళూరులో హోసూరు రోడ్డు మీదికీ, తుమకూరు రోడ్డు మీదికీ వేలాదిగా వచ్చింది ఈ చేతులు కుట్టేవారూ, మెడలు కుట్టేవారూనే. ప్రావిడెంటు ఫండులో యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోరాదన్న కొత్త నిబంధనను కేంద్ర ప్రభుత్వం ఉపసంహరించుకొన్నాకగాని వారు శాంతించలేదు. పిల్లల చదువుకూ, పెళ్లికీ వారికి ఉన్న ఆధారం ఆ డబ్బే.

ఆ పొరుగింటామె మొన్నటి సంక్రాంతికి తన కూతురికి ఒక పైకోటు పూర్తిగా తానే కుట్టింది. మిషను మీద ఆమె వేగం చూసి ఆశ్చర్యపోయాను. గుడ్డ పరచి కత్తెర అందుకొన్నప్పుడు మాత్రం ఆమె చేయి ఆగింది. పదకొండేళ్లలో ఆమె చేతికి ఎవరూ కత్తెర ఇవ్వలేదు. కొలత తీయడం, కత్తిరించడం, కుట్టడం ఈ మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడే మనిషికి తాను ఒక వస్తువు చేశానన్న తృప్తి కలుగుతుంది. ఇంటి కుట్టుకు నేను చూసిన లాభం ఇదే. పొదుపు తరువాతి మాట.

పైకోటు దొరల వేషం, మనకెందుకని పెద్దలు అనవచ్చును. కోటు కత్తిరింపు వారిదే కావచ్చును గాని, ఒకప్పుడు వారి రంగుల కోట్లకు గుడ్డ మాత్రం మనది. డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరారు, ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. కృష్ణా తీరపు చిరివేరుతో ఎర్రరంగు పట్టించిన మన చీటిగుడ్డలు ఓడలెక్కి పోయినవి. ఉతికినా రంగు పోని పూల నూలుగుడ్డ అంతకుముందు ఐరోపా వారు ఎరుగరు. హాలెండు దేశంలో ఫ్రీస్‌లాండు ప్రాంతాన హిండెలోపెన్ అనే చిన్న రేవు ఉన్నది. అక్కడి ఆడవాళ్లు 18వ శతాబ్దంలో కోరమాండలు తీరపు చీటిగుడ్డతో పొడుగు కోట్లు కుట్టించుకొనేవారు. ఆ నాటి చీటిగుడ్డ దుస్తులను లీవార్డెన్ పట్టణంలోని ఫ్రీస్ మ్యూజియంలో నేటికీ భద్రపరచి ఉంచారు.

ఈ గుడ్డ మోజు ఎంత ముదిరినదంటే ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో దానిని నిషేధించి, 1759 దాకా ఆ నిషేధం ఎత్తివేయలేదు. లండనులో 1719లో తమ పని పోతున్నదన్న కోపంతో నేతగాళ్లు చీటిగుడ్డ తొడుక్కొన్న ఆడవాళ్ల మీదపడి వీధిలోనే బట్టలు చించివేశారు. 1721లో పార్లమెంటు ఆ గుడ్డ ధరించడాన్నే నేరం చేస్తూ చట్టం తెచ్చింది. అటువంటి అద్దకం ఇప్పటికీ మచిలీపట్నం పక్కన పెడనలో కొయ్య అచ్చులతో సాగుతూనే ఉన్నది. ఆ గుడ్డతో మన పిల్లకు కోటు కుట్టడంలో పరాయి వేషం ఏమున్నది?

ఇక పనిలోకి వద్దాము. మొదటి టాపుకు పట్టు జోలికి పోవద్దు. మంగళగిరి నూలుగాని, పెడన అద్దకంగాని తీసుకోండి. పోచంపల్లి గుడ్డ అందమైనదే, కాని దాని గళ్లు కుట్టు దగ్గర ఒకదానికొకటి కలియకపోతే కంటికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. అది రెండవ టాపుకు ఉంచుకోండి. బెంగళూరు వెళ్లినప్పుడు చిక్కపేట, మామూలుపేట సందులలో గుడ్డలూ, బొత్తాములూ, లేసులూ ఒకే తిరుగుడులో దొరుకుతవి.

నూలుగుడ్డను కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, నీడలో ఆరవేసి, ఇస్త్రీ చేయండి. కుంచించుకొనేదేదో ముందే కుంచించుకొంటుంది. తడిగుడ్డను తెల్లని గుడ్డ మీద అదిమి చూస్తే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. పడుగు దారం తల నుండి పాదాల వైపుకు, పేక దారం అడ్డంగా వచ్చేట్లు గుడ్డ పరచుకోవలె. పడుగు తక్కువ సాగుతుంది గనుక ఒంటి బరువును అది మోస్తుంది.

ఛాతీ 36 అంగుళాలు ఉన్నదనుకొందాము. వదులుకు 4 కలిపితే 40. దానిలో నాలుగవ వంతు 10. కుట్టులోపలికి పోవడానికీ, రేపు అమ్మాయి ఒళ్లు చేస్తే వదలడానికీ ఇంకొక అంగుళం కలిపితే 11. పన్నా 44 అంగుళాలున్న గుడ్డ ఒకటిన్నర మీటరు తీసుకోండి. నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత వేస్తే నాలుగు పొరలవుతవి. అడ్డం మడత భుజం. నిలువు మడత ఒంటి నడిమి గీత. నడిమి గీత నుండి 11 అంగుళాల దగ్గర, భుజం నుండి 9 అంగుళాల కింద సుద్దతో ఒక చుక్క పెట్టండి. అది చంక. అక్కడినుండి కిందికి నిలువు గీత, పక్కకు చేతి గీత. మూల మాత్రం గుండ్రంగా తిప్పండి. చేయి వేరే అతికించే పని లేదు, ఒంటితోనే వస్తుంది. 26 అంగుళాల పొడుగుకు అంచు మడత ఒకటిన్నర కలిపి కత్తిరించండి.

మెడను మొదట చిన్నదిగానే కత్తిరించండి. చిన్న మెడను పెద్దది చేయవచ్చును, పెద్ద మెడను చిన్నది చేయడం బ్రహ్మకు కూడా సాధ్యం కాదు. చేతుల కింద నాలుగు మంచి ముక్కలు మిగులుతవి. వాటిలో రెండు జేబులకు ఉంచి, తక్కిన వాటిని ఏటవాలుగా, అంగుళంపావు వెడల్పు పట్టీలుగా కత్తిరిస్తే మెడకు పైపింగు అవుతుంది. నేరుగా కత్తిరించిన పట్టీ మెడ వంపులో ముడుతలు పడుతుంది. ఏటవాలు పట్టీ సాగి వంపుకు లొంగుతుంది.

నూలుకు 14 నంబరు సూది, సన్నని పట్టుకు 11. అంగుళానికి పది పన్నెండు కుట్లు పడేట్లు సరిచేసుకొని, ముందు పనికిరాని ముక్క మీద కుట్టి చూడండి. మొదట కచ్చాకుట్టు వేసి పిల్లకు తొడిగి చూసిన తరువాతనే మిషను కుట్టు. చంక వంపు దగ్గర కుట్టుకు తగలకుండా గుడ్డకు చిన్నచిన్న గాట్లు పెట్టండి. ఈ గాట్లు మరచిపోతే టాపు చంకలో పట్టేస్తుంది. "కుట్టు సరిగా రాలేదు" అనే ఫిర్యాదులలో చాలా భాగం ఇదే.

పైకోటుకూ ఇదే నమూనా. లోపల ఇంకొక బట్ట ఉంటుంది గనుక వదులు నాలుగుకు బదులు ఆరు అంగుళాలు, పొడుగు 22 లేక 24. ముందు భాగాన్ని నడిమి గీత మీద తెరచి, రెండు వైపులా పట్టీ వేయవలె. అలంకారం మీ ఇష్టం. జేబు మీద గొలుసుకుట్టు, కాడకుట్టు వేయవచ్చును. కర్ణాటకలోని సండూరు లంబాడీ ఆడవాళ్ల అద్దాల కుట్టును చూసినవారు రెండు అద్దాలైనా కుట్టకుండా ఉండలేరు.

ఈ పైకోటుకు అన్నిటికంటె మంచి గుడ్డ మన పెట్టెలలోనే ఉన్నది. అవి పాత చీరలు. పట్టు నేత మన ఆనేకల్‌లో పాత వృత్తి. ఈ ప్రాంతపు నేతపనివారిలో తెలుగు ఇంటి భాషగా గలవారు ఎందరో ఉన్నారు. తరాలుగా ఇక్కడ ఉన్న మన కుటుంబాలలో ఏ పెట్టె తెరచినా అవ్వల నాటి చీర ఒకటి కనబడుతుంది. చీర పొడుగును కోటుకు నిలువుగా పరిస్తే రెండు అంచులూ రెండు చేతుల కొసలకు వాటంతట అవే వచ్చి కూర్చొంటవి. కొంగు వైపు వీపుకు, తక్కిన చీర ముందుకు పెట్టండి. ముందు పట్టీలకు చీరలో మరొక చోటి అంచు కోసుకోవచ్చును. అయితే పూలు ఒకే దిక్కుకు చూసే చీరైతే భుజం దగ్గర అతుకు వేసి కుట్టవలె. లేకపోతే ఒకవైపు పూలు తలకిందులవుతవి. పాత పట్టు మడతల దగ్గర చిట్లుతుంది. వెలుగుకు ఎదురుగా పట్టి చూసి, గట్టి భాగం భుజానికి వచ్చేట్లు చూసుకోండి. లోపల మెత్తని మల్లు గుడ్డ లైనింగు తప్పనిసరి.

కాని ఇక్కడ ఒక మాట. అవ్వ చీరకు కత్తెర పెట్టడం చిన్న సంగతి కాదు. అది పెళ్లినాటి చీర కావచ్చును, పోయినవారు చివర కట్టిన చీర కావచ్చును. కత్తిరించినది మళ్లీ చీర కాదు. కొన్ని ఇండ్లలో ఈ విషయమై అత్తకూ కోడలికీ, అక్కకూ చెల్లెలికీ మాటలు పెరిగినవి. నా అభిప్రాయం చెబుతాను. చెక్కు చెదరని చీరను కత్తిరించవద్దు. దానిని మడతలు మార్చి, నీడలో ఆరవేసి ఉంచండి. కట్టేవారు ఏనాటికైనా పుడతారు. చిరిగిన చీరను, ఇక కట్టడానికి పనికిరాని చీరను మాత్రం పెట్టెలో పొడి కానివ్వవద్దు. అది కూడా ఇంటి పెద్దను అడిగి, కత్తిరించేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని చేయండి. ఆ చీర ఎవరు నేశారో, ఎప్పుడు కొన్నారో ఆమె చెప్పేది పిల్లలు అప్పుడే వింటారు.

మిషను లేదని ఆగవలసిన పని లేదు. నేను చెప్పిన టాపును చేతికుట్టుతో కూడా పూర్తి చేయవచ్చును. మిషను ఉన్నవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీజీ 1924లో సింగర్ కుట్టుమిషనును మాత్రం మినహాయించి, లోకానికి మేలు చేసిన కొద్ది వస్తువులలో దానిని లెక్కించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, దిక్కులేని ఆడవాళ్లకు చదువుతోపాటు చేతిపనులు నేర్పించారు. చేతిలో పని ఉన్న మనిషి ఇంకొకరి దయకోసం ఎదురుచూడదని ఆమె నమ్మకం.

మన పిల్లలకు, ఆడపిల్లలకే కాదు మగపిల్లలకూ, ఈ సెలవులలో టేపు పట్టడం, సుద్దగీత గీయడం, కత్తెర నిదానంగా నడపడం నేర్పండి. కన్నడంలో హొలిగె అన్నా, తెలుగులో కుట్టు అన్నా పని ఒకటే. పొరుగింటి కన్నడ పిల్లలను కూడా పిలవండి. మొదటి ప్రయత్నానికి పాత దుప్పటి గుడ్డ చాలును. నమూనాకు పాత దినపత్రికలు ఇంట్లో ఎలాగూ ఉంటవి. సూదీ దారం తీసుకొని కూర్చోండి.