ట్యూబులార్ టైరు

ట్యూబులార్ టైరు అనేది పందెపు సైకిళ్ళ చక్రాలకు జిగురుతో అంటించి వాడే ఒక రకం గాలి టైరు. ఇందులో లోపలి ట్యూబు చుట్టూ గుడ్డపొరను చుట్టి, అడుగున కుట్టి, ఆ కుట్టుపై ఒక పట్టీని అంటిస్తారు. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధులలో కనిపించే మామూలు సైకిళ్ళ టైర్లకు అంచులలో తీగ ఉంటుంది. ఆ తీగ రిమ్ములో ఇమిడి టైరును పట్టి ఉంచుతుంది. ట్యూబులార్ రిమ్ముకు అటువంటి అంచులు ఉండవు. టైరును నిలిపి ఉంచేవి జిగురు, గాలి ఒత్తిడి మాత్రమే. కావున అంటించడంలో లోపం ఉంటే మలుపులో టైరు ఊడి, రౌతు పడిపోయే ప్రమాదం కలదు.

నేపథ్యం

జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. 1891లో మిషెలిన్ సోదరులు ఊడదీయదగిన టైరును తెచ్చారు. అయినా తేలికదనం వలన పందేలలో ట్యూబులార్లు దాదాపు శతాబ్దం పైగా నిలిచాయి. హైదరాబాదులో 2002 జాతీయ క్రీడల సైకిలు పోటీలు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వెలోడ్రోములో జరిగాయి. రోడ్డు పందేలలో ఇటీవల ట్యూబ్‌లెస్ టైర్లు ఎక్కువైనా, ట్రాకు పందేలలోను, పాత చక్రాలలోను ట్యూబులార్లు వాడుకలో ఉన్నాయి.

కొలత

ట్యూబులార్‌పై 28 అంగుళాలు అని ముద్రించి ఉన్నా, అది 700సీ ట్యూబులార్ రిమ్ముకే సరిపోతుంది. మన దేశపు పెద్ద సైకిళ్ళ 28 × 1½ టైరు వేరు. ఈ రెంటికీ పేరులో పోలికే గాని కొలతలో పోలిక లేదు.

బిగించే విధానం

1. జిగురు లేకుండానే టైరును రిమ్ముకు ఎక్కించి, గాలి నింపి, ఒక రోజు ఉంచవలెను. దీనివలన టైరు సాగి, తరువాత సులభంగా ఎక్కుతుంది.
2. టైరు తీసి, రిమ్మును దుమ్ము, జిడ్డు లేకుండా శుభ్రపరచవలెను.
3. రిమ్ము జిగురును రిమ్ముపైన, టైరు పట్టీపైన పలుచగా పూసి ఆరనివ్వవలెను. రిమ్ముకు ఇట్లు రెండు మూడు పూతలు అవసరం.
4. చివరి పూత తడిగా ఉండగానే చక్రాన్ని నిలబెట్టి, వాల్వును పై రంధ్రంలో దూర్చి, రెండు చేతులతో టైరును కిందికి లాగుతూ ఇరుపక్కలా ఎక్కించవలెను. మిగిలిన కొద్ది భాగాన్ని చక్రం తిప్పి బొటనవేళ్ళతో ఎక్కించాలి.
5. కొద్దిగా గాలి కొట్టి చక్రం తిప్పి చూడవలెను. పట్టీ ఇరువైపులా సమానంగా కనిపించకపోతే వంకర తీయాలి.
6. పూర్తి గాలి నింపి, కనీసం 24 గంటల పాటు కదల్చక ఉంచాలి.

ఆరిన తరువాత గాలి తీసి, టైరును బొటనవేలితో పక్కకు నెట్టి చూడవలెను. ఎక్కడైనా సందు తెరచుకుంటే ఆ భాగాన్ని తిరిగి అంటించాలి.

జాగ్రత్తలు

పంక్చరు దుకాణాలలో వాడే సొల్యూషన్ రిమ్ము జిగురుకు ప్రత్యామ్నాయం కాదు. అది అతుకులకు ఉద్దేశించినది. వేడికి రిమ్ము జిగురు మెత్తబడుతుంది. హైదరాబాదులో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది గనుక, చక్రాలను ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు. రిమ్మును పట్టే బ్రేకులను దిగుడులో ఎడతెగక నొక్కినా వేడి పుడుతుంది. 2003 జూలై 14న టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గాప్ పట్టణానికి దిగే దారిలో, ఎండకు కరిగిన తారుపై జోసెబా బెలోకి చక్రం జారి, టైరు ఊడిపోయింది. పడిపోయిన అతని తొడ ఎముక విరిగింది.

పంక్చరు అయితే కుట్టు విప్పి, ట్యూబుకు అతుకు వేసి, మరల కుట్టవలసి ఉంటుంది. ఇది దారిలో సాధ్యం కాదు గనుక, రౌతులు ముందే జిగురు పూసి ఆరనిచ్చిన మరొక టైరును మడిచి వెంట తీసుకొని వెళ్తారు. దారిలో మార్చిన టైరుకు పూర్తి పట్టు ఉండదు. ఇల్లు చేరేదాకా మలుపులలో నెమ్మదిగా వెళ్ళవలెను.