మీకు తెలుసా? సోషల్ మీడియాలోనూ ఇంటిపేరు ఉంటుంది

తెలుగువాళ్లకు పేరుతో పాటు ఇంటిపేరు కూడా ఉంటుంది కదా! మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఖాతా తెరిచినా అంతే. చిరునామాలో ముందు మీ పేరు, తర్వాత ఎట్ గుర్తు, ఆ వెనక మీ ఖాతా ఉన్న సర్వర్ పేరు. ఆ రెండో సగమే ఇంటిపేరు. ఫేస్‌బుక్‌లో అందరూ ఒకే ఇంట్లో ఉన్నట్టు లెక్క కాబట్టి అక్కడ ఇంటిపేరు రాయాల్సిన పని లేదు. మాస్టడాన్‌లో మాత్రం ఆ ఇంటిపేరు మీ సొంతం కావచ్చు. డొమైన్ మీది, సర్వర్ మీది, అందులో నియమాలూ మీవే. అయినా మిగతా వేల సర్వర్లలో ఉన్నవాళ్లు మిమ్మల్ని ఫాలో కావచ్చు, మీతో మాట్లాడవచ్చు. వేర్వేరు కంపెనీల ఈమెయిల్ ఉన్నవాళ్లు ఉత్తరాలు రాసుకోవడం లేదా? ఇదీ అలాంటిదే.

ఏనుగు జాతికి దూరపు చుట్టమైన, ఎప్పుడో అంతరించిపోయిన ఒక జంతువు పేరు మాస్టడాన్. ఆ పేరుతో ఈ సాఫ్ట్‌వేర్‌ను జర్మనీలో ఉంటున్న యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేశాడు. సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరి 23న దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఆ భాష వస్తే చాలు, మాస్టడానే అయి ఉండాల్సిన అవసరం లేదు. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ ఉన్నాయి. మాస్టడాన్‌లో కూర్చునే పీర్‌ట్యూబ్‌లోని వీడియో ఛానెల్‌ను ఫాలో కావచ్చు.

మన దేశంలో చాలామంది మాస్టడాన్ పేరు మొదటిసారి విన్నది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసినప్పుడు, నిరసనగా ఎందరో భారతీయులు మాస్టడాన్‌లో చేరారు. 2022 అక్టోబరులో ట్విటర్ ఇలాన్ మస్క్ చేతికి వెళ్లాక ప్రపంచమంతటా మరో పెద్ద వలస జరిగింది. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎవరో నడిపే సర్వర్లోనే చేరారు. అంటే అద్దె ఇల్లు మారారు, అంతే. సొంత ఇల్లు కట్టుకోవచ్చన్న సంగతి ఇంకా చాలామందికి తెలియదు. ఇది రాయడానికి కారణం అదే.

మరి కట్టడం ఎంత కష్టం? ఒకప్పుడు చాలా కష్టమే. మాస్టడాన్ నడవడానికి రూబీ ఒకటి, నోడ్ ఒకటి, డేటాబేస్ ఒకటి, ప్రతిదానికీ సరిపడే వెర్షన్ కావాలి. ఒకటి పెంచితే ఇంకొకటి మొరాయించేది. ఇక్కడే కంటైనర్లు ఆదుకున్నాయి. విశాఖ రేవులో క్రేన్లు దించే పెద్ద ఇనుప పెట్టెలు చూసే ఉంటారు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి అలాంటి పెట్టెలు 58 ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడకెక్కించి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. అంతకు ముందు సరుకును బస్తాలుగా, పీపాలుగా కూలీలు విడివిడిగా ఎక్కించి దించేవాళ్లు. సాఫ్ట్‌వేర్‌లో కంటైనర్ కూడా ఆ పెట్టె లాంటిదే. ప్రోగ్రాముతో పాటు దానికి కావలసిన సామానంతా ఒకే పెట్టెలో పెట్టి పంపడం 2013 మార్చిలో వచ్చిన డాకర్‌తో అందరికీ సులువైంది. వీపు మీద పెట్టెలు మోస్తున్న తిమింగలమే దాని గుర్తు.

ఏయే కంటైనర్లు నడపాలో డాకర్‌కు చెప్పే కంపోజ్ ఫైల్ మాస్టడాన్‌తోనే వస్తుంది, ఒకసారి తెరిచి చూడండి. అందులో ముఖ్యంగా ఐదు పెట్టెలు కనిపిస్తాయి. ‘వెబ్’ పేజీలు చూపిస్తుంది. ‘స్ట్రీమింగ్’ కొత్త పోస్టులను పేజీ మళ్లీ తెరవక్కర్లేకుండానే తెచ్చి పెడుతుంది. ‘పోస్ట్‌గ్రెస్’ బీరువా, ఖాతాలు, రాతలు అన్నీ అందులోనే. ‘రెడిస్’ చేతికందేలా పెట్టుకున్న చిన్న అర. ఐదోది ‘సైడ్‌కిక్’. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇది పోస్ట్‌మ్యాన్.

మీరు నాలుగు వాక్యాలు రాసి బటన్ నొక్కగానే సైడ్‌కిక్ సంచీ తగిలించుకుంటుంది. మీ ఖాతాకు సర్వర్ సృష్టించిన రహస్య తాళంతో ఆ పోస్టుకు సంతకం పెట్టి, మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు ఉన్న సర్వర్లకు పంపుతుంది. ఒకే సర్వర్లో మీకు వెయ్యిమంది ఫాలోయర్లు ఉన్నా, అక్కడికి వెళ్లేది సాధారణంగా ఒక్క ప్రతే. పంచుకోవడం ఆ సర్వర్ పని. అవతలి సర్వర్ ఆ సంతకాన్ని మీ బహిరంగ తాళంతో సరిచూసి, అది మీరు రాసిందేనని నమ్మకం కుదిరాకే లోపలికి తీసుకుంటుంది. అవతల తలుపు మూసి ఉంటే సైడ్‌కిక్ తిరిగి వచ్చి, కాసేపాగి మళ్లీ వెళ్తుంది. అప్పుడూ తీయకపోతే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతుంది.

కంపోజ్ ఫైల్లోనే ఇంకో చిన్న వరుస చూడండి: 127.0.0.1:3000:3000. ముందున్న 127.0.0.1 అర్థంలేని అంకెలని తీసేయకండి. అది ఉంటే ఆ పోర్ట్ మీ యంత్రం లోపలికే పరిమితం. తీసేస్తే బయటి లోకానికి తెరుచుకుంటుంది. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు గమనించాలి: డాకర్ తెరిచిన పోర్టులు ఆ ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని వెళ్తాయి.

మీ ఇంటర్నెట్ కనెక్షన్ సంగతి కూడా ముందే కనుక్కోండి. మన దగ్గర చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీని ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. అలాంటప్పుడు బయటివాళ్లు మీ ఇంటి సర్వర్ తలుపు తట్టలేరు. ఒక చిన్న వీపీఎస్, అంటే వర్చువల్ సర్వర్, అద్దెకు తీసుకోవడం తేలికైన దారి. మాస్టడాన్‌కు 2 జీబీ ర్యామ్ అయితే ఇరుకు, 4 జీబీ అయితే హాయి. మీ ఒక్కరికే, లేదా ఇంట్లో నలుగురికే అయితే గోటూసోషల్ అనే చిన్న సర్వర్ చూడండి. ఒకే కంటైనర్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చాలు, రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. పోస్టులు రాసే పేజీ మాత్రం అందులో ఉండదు, ఫోన్ యాప్ లాంటిది విడిగా వాడుకోవాలి.

ఇంటిపేరు ఒకసారి పెట్టుకుంటే మార్చలేరని తెలుసా? మాస్టడాన్ సర్వర్ మిగతావాటితో మాటలు కలిపాక డొమైన్ మారిస్తే మిగతా సర్వర్ల లెక్కల్లో మీరు కొత్త మనిషే. ఖాతాను వేరే సర్వర్‌కు తరలించే సదుపాయం ఉంది. ఫాలోయర్లు మీతో కొత్త ఇంటికి వస్తారు, పాత రాతలు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోతాయి. అందుకే డొమైన్ ఎంచుకునేటప్పుడు తొందర వద్దు. చూడ్డానికి ముద్దుగా ఉందని చివరి అక్షరాలు ఎంచుకున్నవాళ్లకు ఏమైందో 2024 ఫిబ్రవరిలో చూశాం. ‘డాట్ ఏఎఫ్’ అన్నది అఫ్గానిస్థాన్ డొమైన్. దానితో ముగిసే ఒక మాస్టడాన్ సర్వర్ డొమైన్‌ను తాలిబన్ ప్రభుత్వ హయాంలో నిలిపివేశారు. సర్వర్ చెక్కుచెదరలేదు, ఇంటిపేరే పోయింది.

పక్క సర్వర్లకు వెళ్లిన పోస్టు సంగతీ తెలుసుకోవాలి. మీరు తొలగిస్తే, ‘తొలగించండి’ అన్న కబురు మాత్రమే వాళ్లకు వెళ్తుంది. పాటించడం వాళ్ల చేతిలో ఉంది. ఇద్దరి మధ్య మాత్రమే అనుకునే ప్రైవేట్ సందేశాలు కూడా డేటాబేస్‌లో తాళం లేకుండానే ఉంటాయి. సర్వర్ నడిపేవారు చదవాలనుకుంటే చదవగలరు. రేపు మీ సర్వర్లో మీ స్నేహితులు చేరితే ఆ నమ్మకం నిలబెట్టాల్సింది మీరే. ఈ మాట వాళ్లకు ముందే చెప్పడం మర్యాద.

డిస్క్ కూడా మీరు అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది. మీరు పెట్టిన ఫొటోలే కాదు, మీరు ఫాలో అయ్యేవాళ్లు పెట్టిన ఫొటోల ప్రతులూ మీ సర్వర్లో చేరతాయి. ఇన్ని రోజులు దాటినవి తీసేయమని సెట్టింగుల్లో చెప్పవచ్చు. మొదటి రోజే చెప్పండి.

అప్‌డేట్లనూ వాయిదా వేయకండి. 2023 జులైలో మాస్టడాన్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. మొజిల్లా కోరిక మీద క్యూర్53 అనే సంస్థ చేసిన తనిఖీలో అది దొరికింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక మీడియా ఫైల్ పంపి, సర్వర్లో ఎక్కడ కావాలంటే అక్కడ ఫైళ్లు సృష్టించే వీలుండేది. 4.1.3 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. కంటైనర్లతో నడిపేవాళ్లకు ఇలాంటి మార్పు చాలావరకు కంపోజ్ ఫైల్లో వెర్షన్ అంకె మార్చి కొత్త పెట్టె దింపుకోవడమే. పోస్ట్‌గ్రెస్‌తో మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. 14 అని ఉన్నచోట 17 అని రాసేస్తే పాత బీరువాను కొత్తది తెరవదు. ముందు డేటా మొత్తం బయటికి తీసి, కొత్తదాంట్లో తిరిగి ఎక్కించడం ఒక పద్ధతి.

చివరగా ఒక మనవి. కంటైనర్ తీసేస్తే దాని లోపల రాసిందంతా దానితోనే పోతుంది; బయటి ఫోల్డర్లో, లేదా వాల్యూమ్‌లో పెట్టిందే మిగులుతుంది. ‘డాకర్ కంపోజ్ డౌన్’ ఆదేశం చివర ‘-v’ తగిలిస్తే వాల్యూమ్‌లు కూడా చెరిగిపోతాయి. కాబట్టి డేటాబేస్, ఫొటోల ఫోల్డర్, రహస్య తాళాలున్న సెట్టింగుల ఫైల్, ఈ మూడింటినీ రోజూ బ్యాకప్ తీసి వేరేచోట దాచండి. స్నేహితులను మీ సర్వర్లోకి పిలిచే ముందు ఆ బ్యాకప్‌ను నెట్‌కు తగిలించని వేరే యంత్రం మీద ఎక్కించి, అన్నీ తిరిగి వచ్చాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.