మన ఊరి పేజీ మనమే దిద్దుకోవచ్చు

చదివేవాడే రాసేవాడైన కాలం. మంచికైనా చెడుకైనా బాధ్యత మనదే

ఊరి సంగతి లోకానికి తెలియాలంటే ఒకప్పుడు విలేకరి రాయాలి, డెస్కులో దిద్దాలి, ప్రెస్సులో అచ్చు కావాలి. ఇంటర్నెట్టు వచ్చిన కొత్తలోనూ దాదాపు అదే పద్ధతి. ఎక్కడో ఎవరో రాసిపెట్టింది మనం చదువుకోవడమే. 2000 తర్వాత ఇది మారింది. చదివేవాడే రాసేవాడయ్యాడు. ఈ మార్పు పల్లెలకు ఏ విధంగా ఉపయోగపడుతుందో చెప్పడానికి తెలుగు వికీపీడియా మంచి ఉదాహరణ.

పండితులతో కానిది పదిమందితో అయింది

2000లో అమెరికాలో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అనే ఇద్దరు 'న్యూపీడియా' పేరుతో ఇంటర్నెట్టులో ఒక విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. నిపుణులే రాయాలి, ఏడు దశల్లో పరిశీలన జరగాలి అని నియమం పెట్టారు. ఏడాది గడిచినా పాతిక వ్యాసాలు పూర్తి కాలేదు. దాంతో 2001 జనవరి 15న 'ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు' అంటూ వికీపీడియా ప్రారంభించారు. ఆ సంవత్సరం ముగిసేసరికి వ్యాసాలు 20 వేలకు చేరువయ్యాయి. 'వికీ' అంటే హవాయి దీవుల భాషలో 'త్వరగా' అని అర్థం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. కంప్యూటరు మీద తెలుగు అక్షరాలు సరిగా కనబడటమే గగనమైన రోజులవి. జీతం భత్యం లేకుండా, తీరిక వేళల్లో రాసినవారి శ్రమతో నేడు వ్యాసాలు లక్ష దాటాయి. వీటిలో మన గ్రామాల పేజీలు వేల సంఖ్యలో ఉండటం విశేషం.

చెరువు పేరు లేదు

ఈ విలేకరి ఇటీవల తన ఊరి పేజీ తెరిచి చూడటం జరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇళ్లు ఎన్ని, జనం ఎంత, బడి ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, సాగుభూమి ఎన్ని హెక్టార్లు అన్నీ ఉన్నాయి. కాని మూడు తరాలుగా ఊరికి అన్నం పెడుతున్న చెరువు పేరు లేదు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో లేదు. లెక్కలు ప్రభుత్వానివి దొరికాయి. ఊరి సంగతి మాత్రం ఊరివాళ్లు రాస్తేనే కదా వచ్చేది!

రాయడం పెద్ద విద్యేమీ కాదు. పేజీ పైన 'సవరించు' అని ఉంటుంది. అది నొక్కి తప్పు దిద్దవచ్చు, కొత్త సంగతి చేర్చవచ్చు. రుసుము లేదు. అయితే తాతలు చెప్పారని రాస్తే నిలవదు. పుస్తకమో, శాసనమో, పత్రికలో వచ్చిన వార్తో ఆధారం చూపాలి. ఈ జిల్లా పేజీల పాత కత్తిరింపులు దాచుకున్నవారికి అవి ఇక్కడ పనికొస్తాయి. చెరువు, గుడి, బడి ఫొటోలు స్వయంగా తీసినవైతే పెట్టవచ్చు. ఒకసారి పెట్టాక వాటిని ఎవరైనా వాడుకోవచ్చునన్న సంగతి మాత్రం ముందే గుర్తుంచుకోవాలి.

డెస్కు లేని వార్త

ఎవరైనా రాయవచ్చు అంటే అబద్ధమూ రాయవచ్చు. కాని వికీపీడియాలో ఎవరి ఖాతా నుంచి, ఏ రోజు, ఏ మార్పు జరిగిందో పేజీ 'చరిత్ర'లో నమోదవుతుంది. తప్పు రాస్తే మరొకరు తీసివేయగలరు. ఫోనులో వచ్చే కబురుకు ఆ అదుపు లేదు. మొదట ఎవరు పుట్టించారో తెలియదు.

దాని ఫలితం 2018 మే నెలలో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి, రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం దారిన పోయేవారిని పట్టుకుని కొట్టారు. అమాయకుల ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పులతో, పాటలతో 'నమ్మవద్దు' అని ప్రచారం చేయించారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేస్తున్నట్లు ప్రకటించింది.

విలేకరి తప్పు రాస్తే మర్నాడు సవరణ వేస్తారు. ఊళ్లో నలుగురూ నిలదీస్తారు. ఇప్పుడు ఆ కలం ప్రతి చేతిలోనూ ఉంది. నిలదీసేవాడు కూడా మనలోనే ఉండాలి. విన్నది పంపేముందు ఒక్కసారి విచారించాలి.

ఇక ఊరి పేజీ సంగతి. ఉపాధ్యాయులు, కాలేజీ విద్యార్థులు, గ్రంథాలయానికి వచ్చే పెద్దలు కలిసి ఒక ఆదివారం కూర్చుంటే చాలు. ఊరి పేరు వెనుక కథ తెలిసిన పెద్దలు ఇంకా అరుగుల మీద ఉన్నారు. ఆధారాలు ఎక్కడ వెతకాలో చెప్పగలిగేది వారే. వారుండగానే ఆ పని మొదలుపెట్టడం మంచిది.